కోటు అంచు

బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి అతని కుడిచెయ్యి కోటు అంచుని వదలలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ ఎవరూ దొంగ అని కూడా అనలేదు, అయినా వేళ్ళు వాటంతటవే అక్కడికి పోయి తచ్చాడుతున్నాయి. బయట బూడిదరంగు ఉన్ని బట్ట, లోపల నల్ల లైనింగు, రెంటి మధ్యా చిన్న చిన్న గుండ్రటి గట్టి వస్తువులు, ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి, ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కుట్టుపనివాడికి దాచుకోవడానికి ఇనప్పెట్టె ఎందుకు, అంచు చాలు. బజారంతా మాస్టారూ మాస్టారూ అని పిలిచే కటింగ్ మాస్టారు, కత్తెర పట్టాడంటే గీత మీంచి నూలుపోగంత కూడా పక్కకి పోదని పేరున్న మనిషి, తన కోటు అంచు తనే విప్పి, అందులో నొప్పి బిళ్ళలు పేర్చి, మళ్ళీ తనే కుట్టుకుని, ఆ కోటే తొడుక్కుని, ఆ బిళ్ళలు మాన్పించే ఆసుపత్రికే వచ్చి కూర్చున్నాడు. మాస్టారన్న గౌరవాన్ని ఈ కాసేపూ పక్కన పెట్టి మనం కూడా అతను అనే అనుకుందాం. ఇవాళ ఆ పిలుపు వింటే అతనికే ముళ్ళు గుచ్చుకుంటున్నట్టుంది.

పక్కన భార్య, ఒళ్ళో చేతిసంచీ, సంచీ మీద రెండు చేతులూ. ఎక్కడ కూర్చున్నా ఆమె కూర్చునే తీరు అదే, దుకాణంలో స్టూలు మీదైనా, బస్సులోనైనా, వెన్ను నిటారుగా, ఇప్పుడే ఎవరో ఏదో పని చేతికిస్తారన్నట్టు. దుకాణంలో కోత అతనిది, మిషను కుట్టు పనివాళ్ళది, చేతికుట్టంతా ఆమెది, కాజాలు, బొత్తాలు, అంచులు. పెళ్ళయిన కొత్తలో అతనే నేర్పాడు సూది పట్టడం, ఏడాది తిరక్కుండానే ఆమె చెయ్యి అతని చేతిని దాటిపోయింది, ఆ సంగతి అతను ఎప్పుడూ పైకి అనలేదు. ఎదురు బెంచీ మీద ఒక ముసలావిడ కమలాపండు తొనలు ఒలిచి కొడుకు చేతిలో పెడుతోంది, గడ్డం పెరిగిన అంత పెద్ద కొడుకు, తొన చేతిలో పట్టుకుని తినకుండా మోకాలు ఆపకుండా ఊపుతున్నాడు. ఆ మోకాలు చూస్తే అతనికి ఒళ్ళు మండింది, కాస్త స్థిమితంగా కూర్చోలేడా మనిషి, తల్లిని పక్కన పెట్టుకుని ఏమిటా ఊపుడు, సిగ్గు లేకపోతే సరి అనుకున్నాడు. అనుకుంటూ కిందికి చూస్తే తన మోకాలు కూడా ఊగుతోంది. అరచెయ్యి దాని మీద వేసి నొక్కిపెట్టాడు, కుడిచెయ్యి కాదు, అది అంచు దగ్గరే ఉంది, ఎడమచెయ్యి.

ఆవులింత వచ్చింది. నిద్ర వచ్చే ఆవులింత కాదు, దవడలు ఊడిపోయేలా, దాని తోక పట్టుకుని ఇంకొకటి, కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు, జేబురుమాలు అప్పుడే తడిసిపోయింది. బిళ్ళ పడక నిన్నటి నుంచి ఒళ్ళు ఇదే వరస, చలి, వెంటనే చెమట, మళ్ళీ చలి, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చర్మం ఈకలు పీకిన కోడిలా తయారైంది. ఒంట్లో ఎవరో తలుపులు బాదుతున్నారు, ఏదీ, ఇంకా రాలేదేం, ఏదీ అని. ఇంతకుముందు ఇలా ఎవరైనా చెబితే నాటకం అనేవాడు. గోడ మీద బొమ్మ వేలాడుతోంది, మనిషి మెదడు, ఎరుపూ పసుపూ రంగులు పూసి, కింద పెద్ద అక్షరాలతో వ్యసనం ఒక జబ్బు అని రాసి. ఆ మాట చదివి చూపు తిప్పుకున్నాడు. వ్యసనం అంటే పేకాట, తాగుడు, మరొకరి ఇంట్లో ఉండేవి, మరొకరి ఇల్లు కూల్చేవి. డాక్టరు చీటీ రాసిస్తే మందుల దుకాణంలో కొనుక్కున్న తెల్లబిళ్ళకి ఆ పేరు ఎలా పెడతారు అని మొన్నటిదాకా భార్యతో వాదించాడు. ఆమె ఎదురు వాదించలేదు, సూదిలో దారం ఎక్కించుకుంటూ, అయితే ఒక రోజు మానేసి చూడండి అంది. అంతే అంది. మానలేకపోయాడు, మధ్యాహ్నం దాకా కూడా మానలేకపోయాడు, ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

నొప్పి మాత్రం అబద్ధం కాదు. అది ఒట్టేసి చెప్పగలడు. కోతబల్ల మీద వంగి వంగి నడుములో ఏదో పూస జరిగింది, నిలబడితే కాలి మడమ దాకా నిప్పు పాకేది, బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటే పనివాళ్ళు మిషన్లు ఆపి చూసేవాళ్ళు. అప్పుడు ఒక డాక్టరు రాశాడు ఆ బిళ్ళ, కొన్నాళ్ళు వేసుకోమని, తర్వాత ఆపేయమని. మొదటిసారి వేసుకున్న గంటకి నొప్పి పోయింది, దానితో పాటు ఎన్నడూ నొప్పి అని పేరు పెట్టనివి కూడా పోయాయి, తండ్రి చివరిరోజుల్లో తాను వెళ్ళి కూర్చోలేదన్న దిగులు, పక్కవీధిలో కొత్త దుకాణం పెట్టారన్న కంగారు, అద్దంలో తల నెరిసిపోయిందన్న చింత, అన్నీ ఎవరో ఇస్త్రీ పెట్టి మడతలు తీసేసినట్టు. ఇంత హాయి లోకంలో ఉంటుందని తనకి ఎవరూ చెప్పలేదే అనుకున్నాడు. అది మొదటి నెలల మాట. ఆ తర్వాత హాయి తగ్గుతూ వచ్చింది, బిళ్ళలు పెరుగుతూ వచ్చాయి, చివరికి హాయి పూర్తిగా పోయి బిళ్ళలు మిగిలాయి. ఇప్పుడు వేసుకుంటే స్వర్గమేమీ కనపడదు, మామూలు మనిషి అవుతాడు, అంతే, చెయ్యి వణకని, ముక్కు కారని, ఎవరైనా పలకరిస్తే బదులు చెప్పగలిగిన మామూలు మనిషి. మామూలు మనిషిగా ఉండడం అతనికి పుట్టుకతో ఊరికే వచ్చింది. దాన్నే ఇప్పుడు పూటపూటకీ నీళ్ళతో మింగాల్సి వస్తోంది. నడుం నొప్పి ఎప్పుడు పోయిందో అతనికి గుర్తు కూడా లేదు.

ఈ ఆసుపత్రి సంగతి చెప్పింది బావమరిది, భార్య తమ్ముడు. చెప్పినవాడు అతనేనన్నది తల్చుకుంటే చాలు, చెమట పట్టిన ఒళ్ళు ఇంకోసారి చెమట పడుతుంది. ఆ బావమరిది ఇక్కడే చేరి మానకముందు తాగుబోతు, పట్టపగలు తాగేవాడు. ఒకసారి వానలో తడుచుకుంటూ దుకాణానికి వచ్చి, అక్కతో మాట్లాడాలి బావా అని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రానివ్వలేదు ఇతను. బట్టలున్న చోటు, వాసన పట్టుకుంటుంది, బయటే ఉండు అన్నాడు, కొలతలకి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు వింటుండగా అన్నాడు, విననీ అనే అన్నాడు. అంతటితో ఆగలేదు. మనసు గట్టిగా ఉండాలోయ్, మగాడికి అదే కదా ఉండాల్సింది, వద్దు అనుకుంటే వద్దు, ఇందులో ఇంత బ్రహ్మవిద్య ఏముంది అని మెళ్ళో టేపు వేసుకుని పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. చూరు నీళ్ళు భుజం మీద పడుతుంటే పక్కకి జరగడం కూడా తెలియకుండా బావమరిది ఒక మాట అన్నాడు. "తాగితే సంతోషంగా ఉంటుందని కాదు బావా. తాగకపోతే నేను ఉండనేమో అని భయం." తాగుబోతు తత్వం అని పెద్దమనుషులు నవ్వారు, వాళ్ళకన్నా గట్టిగా ఇతను నవ్వాడు. లోపల స్టూలు మీద భార్య కాజా కుడుతోంది, ఆమె తల ఎత్తలేదు, ఆ రోజంతా ఎత్తలేదు. గురివింద గింజకైనా నలుపు ఒక పక్కనే ఉంటుంది. బావమరిది అన్న ఆ మాట ఇప్పుడు అతని చెవుల్లో తిరుగుతోంది, ఉండనేమో, నేను ఉండనేమో, ఎంత సరిగ్గా చెప్పాడు, అప్పుడే విని ఉంటే.

అయినా ఆ బావమరిదినే వాడుకున్నాడు. మొన్న వచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు అడిగాడు, లోపలికి తీసుకెళ్ళేప్పుడు ఏమేం చూస్తారోయ్ అని. పాపం అతను ధైర్యం చెబుతున్నాననుకుని అన్నీ చెప్పాడు, సంచీ చూస్తారు బావా, జేబులు చూస్తారు, చెప్పులు కూడా విప్పిస్తారు, భయపడకు, మర్యాదగానే చూస్తారు అన్నాడు. అంచు మాట చెప్పలేదు. బావమరిది అటు వెళ్ళగానే ఇతని బుర్ర చకచకా కత్తిరింపులు వేసింది, ఎన్నో ఏళ్ళుగా ఏ కోటు విషయంలోనూ అంత చురుగ్గా వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే భార్య స్నానానికి వెళ్ళినప్పుడు లైనింగు అడుగున జానెడు కుట్టు విప్పాడు, రేకు గలగలలాడుతుందని బిళ్ళలన్నీ రేకులోంచి ఒలిచి పేర్చాడు, మళ్ళీ కుట్టాడు, చెయ్యి వణికి కుట్లు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ పడ్డాయి, చివర ముడి వేసి కాస్త దారం బయటికి వదిలాడు, పళ్ళతో లాగితే ఊడి వచ్చేలా. ఆ ముడి వేసినప్పుడు సంతోషం కలిగింది. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది, దాచినందుకు కాదు, దాస్తున్నప్పుడు పిల్లాడిలా ఈల వెయ్యబోయి ఆపుకున్నందుకు.

ఈ పొద్దున ఆమె కోటు చేతిలో పట్టుకుని వచ్చింది. ఇస్త్రీ చేసి ఉంది. ఇస్త్రీ పెట్టె అంచు మీదుగా పోతే బిళ్ళలు తగలవా, ముప్పై ఏళ్ళుగా కుట్టే చేతికి తెలియదా. ఆమె మొహంలోకి చూశాడు, ఏమీ లేదు, ఎప్పటి మొహమే. "వేసుకోండి, లోపల చలిగా ఉంటుందట" అంది. అంచు దాకా పోలేదన్నమాట, భుజాలూ చేతులూ చేసి ఊరుకుందన్నమాట అని తనకి తానే చెప్పుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, ఆ పిల్లికి కనీసం పాలు రుచిగా ఉంటాయి.

గదిలోంచి నర్సు తొంగిచూసి, ముందు ఇంట్లోవాళ్ళు రావాలి, తర్వాత మిమ్మల్ని పిలుస్తాం అంది. భార్య లేచింది, సంచీ సర్దుకుంది, ఒక్క అడుగు వేసి వెనక్కి తిరిగి అతన్ని చూసింది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల ఏం చెబుతుందో. అన్నీ చెబుతుందా, వెల్వెట్ సంగతి కూడా చెబుతుందా. వద్దు, అది మాత్రం వద్దు అనుకున్నాడు, అనుకోగానే అది వచ్చి ఎదురుగా నిలబడింది. పాటలు పాడే అమ్మాయి, మొదటిసారి వేదిక ఎక్కబోతోంది, జాకెట్టుకని ముదురు ఎరుపు వెల్వెట్ తెచ్చి తల్లితో కలిసి బల్ల మీద పరిచింది, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా. వెల్వెట్‌కి నూగు ఉంటుంది, ఒక వైపుకి నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు, ఒక వైపు నుంచి చూస్తే ముదురు, ఇంకో వైపు నుంచి చూస్తే లేత. అందుకని ముక్కలన్నీ ఒకే దిక్కుకి పెట్టి కొయ్యాలి, బట్టని అడ్డంగా మడిచి మాత్రం కోయకూడదు, అలా కోస్తే పై పొర నూగు కిందికి, కింది పొర నూగు పైకి పోతుంది. కత్తెర పట్టిన మొదటి వారంలో ఎవరైనా నేర్చుకునే సంగతి. ఆ రోజు బిళ్ళలు ఎక్కువ పడి చేతులు గాల్లో తేలుతున్నాయి, లోకమంతా మెత్తగా ఉంది, అడ్డంగా మడిచాడు, కోశాడు, కోస్తున్నంతసేపూ తనంతటివాడు లేడనుకున్నాడు.

కొలత చూసుకోవడానికి ఆ అమ్మాయి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది, గుమ్మంలోంచి ఎండ పడింది, ఛాతీకి ఎడమ సగం నల్లగా, కుడి సగం వెలిసిపోయినట్టు, రెండు బట్టలు తెచ్చి అతికినట్టు. ఆ అమ్మాయి ఏడవలేదు, అద్దంలో తన్ను తాను అలా చూస్తూ ఉండిపోయింది. ఇదేంటి మాస్టారూ అంది తల్లి. అప్పుడతని నోట్లోంచి మాట వచ్చింది, తడుముకోకుండా, కత్తిరించినట్టు వచ్చింది. "బట్ట పరిచింది మా ఆవిడండీ. తిప్పి పరిచినట్టుంది." దుకాణంలో మిషన్లు ఆగిపోయాయి. కోతబల్ల దగ్గరికి ఆమె రాదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, బల్ల మీద దుమ్ము తుడవడానికి కూడా రానిచ్చేవాడు కాదు అతను. ఆమె పళ్ళ మధ్య దారం పట్టుకుని ఉంది. దారం తీసి, సూది దిండుకి గుచ్చి, లేచి వచ్చి, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, పొరపాటైందమ్మా అంది. ఆ రోజు అతను వెనకగదిలోకి పోయి ఇంకో బిళ్ళ మింగాడు, సిగ్గు పోవడానికి. పోయింది కూడా. అదే దాని గొప్పతనం, అదే దాని పాపం, సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడనివ్వదు, తర్వాత ఎప్పుడో వడ్డీతో సహా ఇలా బెంచీ మీద కూర్చోబెట్టి పడమంటుంది.

ఇక కూర్చోలేకపోయాడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, డాక్టరుతో మర్యాదగా మాట్లాడడానికి, వణక్కుండా కుర్చీలో కూర్చోవడానికి, మిగతావి అలాగే ఉంటాయి. లేచి మరుగుదొడ్డి వైపు నడిచాడు, తలుపు గడియ పెట్టాడు, కోటు విప్పి గోడకున్న చిన్న కిటికీ వెలుతురులో అంచు తిరగేశాడు. నోట్లో అప్పుడే నీళ్ళూరుతున్నాయి. ముడి కోసం వేలితో వెతికాడు, దొరకలేదు. బయటికి వదిలిన దారం కోసం వెతికాడు, లేదు. చెమట కళ్ళలోకి దిగితే తుడుచుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు. కుట్లు సన్నగా ఉన్నాయి. ఒకే పొడుగులో, ఒకే వాలులో, నూలుపోగు మాత్రమే అంటుకుని బయటి బట్టకి తెలియకుండా, ముడి లోపలికి తోసేసి. బజారు మొత్తం మీద అలా కుట్టే చెయ్యి ఒక్కటే ఉంది.

అంచు పొడుగునా వేలు నడిపాడు. బిళ్ళలు ఉన్నాయి, వేలికింద అన్నీ ఉన్నాయి. అంటే విప్పింది, చూసింది, అతని వంకర కుట్లు ఒక్కొక్కటే తీసింది, బిళ్ళలు ఎక్కడివక్కడే ఉంచి మళ్ళీ కుట్టింది, పైన ఇస్త్రీ చేసింది, వేసుకోండి చలిగా ఉంటుందట అని చేతికిచ్చింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈవిడ పట్టుకుని దొంగ సొత్తుకి కుట్టు సరిచేసి ఇచ్చింది. ఎందుకు పారెయ్యలేదు. పారేస్తే ఇంకోచోట దాస్తాడని తెలుసా, లేకపోతే తలుపు దగ్గర ఎవరో కొత్తమనిషి ఆ వంకర కుట్టు చూసి, వీడేనా మాస్టారు అనుకుంటారని భయపడిందా, ఆ పొరపాటూ తన కుట్టు కిందే పడనీ అనుకుందా. పొరపాటైందమ్మా. ఆ మాటకి బదులు ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది, మొహం మీద కొట్టి ఉంటే బాగుండేది. పళ్ళతో కొరికితే ఆ కుట్టు తెగుతుంది, పెద్ద పనేం కాదు. అంచు పెదవుల దాకా తెచ్చాడు, ఉన్నికి ఇస్త్రీ వాసన ఇంకా పోలేదు. కొరకలేకపోయాడు. ఒళ్ళంతా కొరకమంది, కాళ్ళూ పొట్టా దవడా అన్నీ కొరకమన్నాయి, సిగ్గు ఒక్కటే వద్దంది, ఇన్నాళ్ళకి దానికి మాట వచ్చింది. అద్దంలో ముక్కూ కళ్ళూ కారుతున్న ఒక మనిషి ఉన్నాడు. గుమ్మంలో వానలో నిలబెట్టిన మనిషికీ ఇతనికీ తేడా ఏమీ కనపడలేదు.

బయటికి వచ్చేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో, వెన్ను నిటారుగా. మిమ్మల్ని పిలుస్తున్నారు అంది. లోపలి తలుపు దగ్గర నర్సు నిలబడి చూస్తోంది. అతను కోటు వేసుకోలేదు, చేతిమీద ఉంది.

"కత్తెర తెచ్చావా?" అన్నాడు.

ఆమె అతని మొహం చూసింది, చేతిమీద కోటు చూసింది. దారాలు తెంపే చిన్న కత్తెర సంచీ పక్క అరలోంచి తీసింది, వెతకలేదు, అది పైనే ఉంది. "మీరు విప్పుతారా, నేను విప్పనా?"

"నా చెయ్యి నిలవదు, నువ్వే విప్పు." అని ఊరుకుంటే సరిపోయేది, కానీ మాట ఆగలేదు, కమలాపండు ముసలావిడ వింటోందని తెలిసీ, ఆమె కొడుకు మోకాలు ఊపడం ఆపాడని తెలిసీ ఆగలేదు. "ఆ వెల్వెట్ అడ్డంగా మడిచింది నేను. నువ్వు కాదు."

"తెలుసు" అంది ఆమె, "కాస్త ఇటు పట్టండి, వెలుతురు పడటం లేదు." కాని కత్తెర మొన రెండుసార్లు కుట్టుని తప్పింది, ఆమె చేతిలో కత్తెర తప్పడం అతను ఎప్పుడూ చూడలేదు.

అతను అంచుని కిటికీ వైపుకి పట్టాడు. దారం తెగింది, ఆమె వేళ్ళతో లైనింగుని నిమిరితే బిళ్ళలు ఒక్కొక్కటే జారి ఆమె అరచేతిలో పడ్డాయి, తెల్లగా, చిన్నగా, ఏ పాపమూ ఎరగనట్టు. ఇప్పుడు ఏదో తేలికవుతుందనుకున్నాడు, కాలేదు. నోరు నీళ్ళతో నిండిపోయింది. అన్ని మాటలూ చెప్పేశాక కూడా, ఆమె కళ్ళలో నీళ్ళు చూస్తూ కూడా, అతని కళ్ళు ఆ కన్నీళ్ళని వదిలి అరచేతి మీదికి పోయాయి, అక్కడే అతుక్కుపోయాయి, ఎంత లాగినా రాలేదు. బావమరిది చెప్పింది ఇదే కాబోలు. తాను ఉన్నాడు, తనతో పాటు ఆ ఆరాటమూ ఉంది, రేపు పొద్దున కూడా ఉంటుంది.

"గుప్పిట ముయ్యవే" అన్నాడు, "నాకు కనపడనివ్వకు."

ఆమె మూసింది.